రక్తంలో ఆల్కహాలు పరిమితి: చట్ట చరిత్ర, విశాఖపట్నం

వాహనం నడిపే వ్యక్తి రక్తంలో చట్టం అనుమతించే గరిష్ఠ మద్యసార పరిమాణాన్ని రక్తంలో ఆల్కహాలు పరిమితి అంటారు. భారతదేశంలో ఇది 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. రక్తంలోని ఆల్కహాలులో కొంత ఊపిరితిత్తుల్లో ఆవిరై శ్వాసలో కలుస్తుంది కనుక, శ్వాసను పరీక్షించి రక్తంలోని మోతాదును అంచనా కట్టే పరికరమే బ్రీత్ ఎనలైజర్.

చట్టం పరిణామం

1936లో నార్వే 50 మిల్లీగ్రాముల పరిమితిని చట్టంలో చేర్చగా, బ్రిటన్ 1967 చట్టంతో 80 మిల్లీగ్రాముల పరిమితిని విధించింది. భారతదేశపు 1939 మోటారు వాహనాల చట్టం తొలిరూపంలో అంకె లేదు. వాహనాన్ని అదుపులో ఉంచలేనంతగా మత్తులో ఉన్నట్లు రుజువు కావలసి ఉండేది. నోటి వాసన, తడబడే నడక మాత్రమే మద్యం మత్తుకు తిరుగులేని రుజువులు కావని 1971లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పడం శాస్త్రీయ పరీక్ష అవసరాన్ని స్పష్టం చేసింది. 1988 చట్టంలోని 185వ సెక్షన్ మొదట రక్తంలో ఆల్కహాలు ఎంత స్వల్పంగా ఉన్నా నేరమేనన్నది. 1994 సవరణ ఆ నిబంధనను తొలగించి, బ్రీత్ ఎనలైజర్ పరీక్షలో తేలే 30 మిల్లీగ్రాముల హద్దును పెట్టింది. 2019 సవరణ ఈ హద్దును ముట్టుకోకుండా, తొలి నేరానికి జరిమానాను రూ. 2,000 నుంచి రూ. 10,000కు పెంచి, ఆరు నెలల వరకు జైలుశిక్షను కొనసాగించింది. మద్యం తాగి వాహనం నడపడం అక్కడికక్కడే జరిమానా కట్టి ముగించుకోగల నేరం కాదు, న్యాయస్థానానికి వెళ్లవలసిందే.

విశాఖపట్నంలో

1933లో ప్రారంభమైన ఓడరేవుకూ, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారానికీ సరుకు మోసే లారీలు, ట్రైలర్లు గాజువాక, ఎన్.ఎ.డి. కూడలి వంటి రద్దీ ప్రాంతాల మీదుగా సాగే 16వ జాతీయ రహదారిపై ద్విచక్ర వాహనాలతోనూ ఆర్టీసీ బస్సులతోనూ కలిసి నడుస్తాయి కనుక, ఇక్కడ మద్యం మత్తులో నడపడం మరింత ప్రమాదకరం. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించినా, పురపాలక పరిధిలోని రహదారులకు అది వర్తించదని 2017లో స్పష్టం చేయడంతో, నగరంలో రక్షణభారం ప్రధానంగా ట్రాఫిక్ పోలీసుల తనిఖీలపైనే నిలిచింది. 2023లో నగర న్యాయస్థానం మద్యం తాగి వాహనాలు నడిపినవారిని సముద్రతీరం శుభ్రం చేయమని ఆదేశించింది.

పరిమితి తగ్గింపు

స్వీడన్ 1990లో తన పరిమితిని 50 నుంచి 20 మిల్లీగ్రాములకూ, స్కాట్లాండ్ 2014లో 80 నుంచి 50కూ తగ్గించాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ సాధారణ డ్రైవర్లకు 50, భారీ వాహనాలు నడిపేవారికి 20 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. భారతదేశంలో మాత్రం స్కూటరు నడిపేవారికీ, ఉక్కు చుట్టలు మోసే ట్రైలరు నడిపేవారికీ ఒకే హద్దు వర్తిస్తోంది. వేగంగా స్పందించే శక్తి తక్కువ మోతాదుకే మందగిస్తుంది కాబట్టి, భారీ వాహనం అదుపు తప్పితే జరిగే నష్టం అపారం కాబట్టి, దాన్ని నడిపేవారికి ప్రత్యేకంగా తక్కువ హద్దు అవసరమన్న వాదం విశాఖపట్నం వంటి పారిశ్రామిక నగరాల్లో మరింత బలమైనది. అయితే తనిఖీ క్రమం తప్పకుండా సాగినప్పుడే తగ్గించిన హద్దు ప్రాణాలను కాపాడగలదు.