మాల్టాలో కిరోసిన్ కథ

పెళ్ళయి పాతికేళ్ళయిందని మా వారు నన్ను మాల్టా తీసుకెళ్ళారు. "స్విట్జర్లాండ్ కాదా?" అని మా ఆడపడుచు ఆశ్చర్యపోయింది. నాకు చలి పడదు, ఆయనకి పరుగులు పడవు. రోజుకి నాలుగు ఊళ్ళు చూపించే టూర్లలో వెళ్ళొస్తే, ఆ అలసట తీరడానికి ఇంకో వారం సెలవు కావాలి. మధ్యధరా సముద్రంలో, ఇటలీకి కింద ఉండే ఈ దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్లు. అంటే మన పాత జీహెచ్ఎంసీలో సగం. ఎటు వెళ్ళినా సాయంత్రానికి బస్సెక్కి గదికి వచ్చెయ్యొచ్చు. ఎనిమిది రోజులు, ఒకే గది, వంట లేదు.

వంట లేదన్నాను గానీ, బయల్దేరే ముందు రెండ్రోజులు నేను చేసింది వంటే. కందిపొడి, గోంగూర పచ్చడి, చారుపొడి చేసి, ఏది ఎక్కడుందో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఇంట్లో ఉండేది మామయ్యగారు, మా అబ్బాయి. అయినా రోజూ రాత్రి ఫోన్ చేసి "ఏం తిన్నారు?" అని అడగకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. "పాతికేళ్ళ తరవాత కూడా నా మీద లేని బెంగ ఆ చారుపొడి మీద ఉంది నీకు" అని మా వారు ఏడిపించేవారు.

మొదటి మూడు రోజులు వలెట్టాలోనే తిరిగాం. 1565లో తురుష్కుల ముట్టడిని తట్టుకున్నాక, మరుసటి ఏడు నుంచి అక్కడి క్రైస్తవ యోధులు కట్టుకున్న రాజధాని అది. ఊరంతా తేనెరంగు సున్నపురాయి. వీధుల మీదికి పొడుచుకొచ్చిన చెక్క బాల్కనీలకి ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులు. సెయింట్ జాన్ చర్చిలో 1608 నాటి కారవాజియో చిత్రం ముందు మా వారు అరగంట కూర్చున్నారు. నేను కాళ్ళు చాపుకోవడానికి కూర్చున్నాను, నిజం ఒప్పుకోవాలి కదా. బయటికొచ్చి బఠాణీలు కూరిన పస్తిట్సీలు తిన్నాం. మన కర్రీపఫ్‌కి అక్కలా ఉంటుంది.

తెలుగు బీఏ చదివిన బుద్ధి కాబోలు, ఎక్కడికెళ్ళినా నా చెవి మాటల మీదే ఉంటుంది. అక్కడ జనం క్యాథలిక్కులు, అడుగడుగునా చర్చే. కానీ దేవుణ్ణి వాళ్ళు పిలిచే పేరు 'అల్లా'. పుస్తకం 'క్తీబ్', అంటే మన కితాబే. 870లో వచ్చిన అరబ్బులు పాలన వదిలి వెళ్ళినా మాట మాత్రం జనం నోట్లో మిగిలిపోయింది. కాకపోతే రాసేది ఇంగ్లీషు అక్షరాల్లో.

నాలుగో రోజు పడవ దాటి అవతలి ఒడ్డున ఉన్న బిర్గు వెళ్ళాం. కోట గోడ కింద రాయి తొలిచి చేసిన సొరంగాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మాల్టా బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉండేది. 1940 జూన్ 11న మొదటి బాంబు పడింది మొదలు, జనం ఈ సొరంగాల్లోకి దిగారు. డబ్బూ ఓపికా ఉన్నవాళ్ళు అనుమతి తీసుకుని పక్కన తమకంటూ చిన్న గది తొలుచుకున్నారు. ఒక గది పురుళ్ళకి. నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. పైన బాంబులు, కింద చెమ్మ కారే రాతిలో నొప్పులు పడుతున్న ఆడమనిషి.

మా వారు విమానాల కబుర్లలో పడ్డారు. నేను మాత్రం తిండి గురించి చదవడం మొదలుపెట్టాను. గదికొచ్చాక రాత్రి కూడా అదే పని.

మాల్టాలో కట్టెలు దొరకవు, పొయ్యి వెలగాలంటే కిరోసిన్ కావాలి. అది ఓడల్లో రావాలి. ఓడల్ని జర్మన్లు, ఇటాలియన్లు ముంచేస్తున్నారు. 1942 మే నుంచి రొట్టె కూడా రేషనే, మనిషికి రోజుకి సుమారు 300 గ్రాములు. అంతకు ముందు మేకల్ని ఇంటి గుమ్మం దాకా తోలుకొచ్చి, కళ్ళ ముందే పాలు పితికి పోసేవారట. మా చిన్నప్పుడు గుమ్మంలోకి గేదె వచ్చినట్టే! మేత కరువై ఆ మేకల్ని కోసేశారు.

ఇంటింటికీ పొయ్యి వెలిగించేంత చమురు లేదు కాబట్టి ఊరూరా ఉమ్మడి వంటశాలలు పెట్టారు. పేరు 'విక్టరీ కిచెన్'. మన రేషన్‌లో కొంత వదులుకుని, కాస్త డబ్బు కట్టి, గిన్నె పట్టుకుని లైన్లో నిలబడాలి. పెట్టేది కూరగాయల పులుసు, ఆ మేకల మాంసం, గుడ్ల పొడితో చేసిన ఓ వంటకం. రుచి గురించి తిట్టని వాళ్ళు లేరు. అయినా 1943 జనవరి నాటికి దాదాపు 1,75,000 మంది ఆ తిండి మీదే బతికారు. దీవి జనాభా మూడు లక్షల లోపే.

చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. రేషను షాపు ముందు నీలం కిరోసిన్ కోసం డబ్బా లైన్లో పెట్టి, మధ్యలో ఇంటికి పరిగెత్తి పొయ్యి మీద పప్పు చూసుకుని వచ్చేది. అది కూడా ఎవరైనా రాసి పెట్టాల్సిన సంగతని నాకెప్పుడూ తోచలేదు. అమ్మని ఎప్పుడూ అడగనూ లేదు. ఇప్పుడడుగుదామంటే అమ్మ లేదు.

1942 ఆగస్టులో 14 సరుకు ఓడలు బయల్దేరితే చేరినవి 5. వాటిలో చమురు తెచ్చిన 'ఒహాయో' సగం మునిగిపోయి, అటూ ఇటూ యుద్ధనౌకలు ఒడిసి పట్టుకుని నడిపించగా ఆగస్టు 15న రేవు చేరింది. వాళ్ళకది మరియ మాత పండుగ రోజు. ఇప్పటికీ ఆ తేదీ అంటే వాళ్ళకి ఓడలే గుర్తొస్తాయి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని మాట ఒకటుంది. ఆ వంటశాలల్లో ఒకదాన్ని చూసుకున్న అమ్మాయి పేరు అగాథా బార్బరా. 1923లో జబ్బార్ అనే ఊళ్ళో, పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ అయిన ఇంట్లో పుట్టింది. యుద్ధం నాటికి ఇరవై కూడా నిండలేదు. 1947లో మాల్టా ఆడవాళ్ళకి మొదటిసారి ఓటు వచ్చింది. ఆ ఎన్నికల్లోనే ఆమె గెలిచి పార్లమెంటులో అడుగుపెట్టింది. 1955లో విద్యాశాఖ మంత్రి. తరవాత కార్మిక శాఖ చూసినప్పుడు ఆడవాళ్ళకి సమాన జీతం, జీతంతో ప్రసూతి సెలవు తెచ్చింది. 1982లో దేశాధ్యక్షురాలైంది. మనకి ఆడ రాష్ట్రపతి రావడానికి 2007 దాకా పట్టింది.

గరిటె పట్టిన వాళ్ళందరూ మంత్రులవుతారని కాదు నేననేది. కానీ వేల మందికి కొలత తప్పకుండా వడ్డించడం, తిట్లు తినడం, మళ్ళీ మర్నాడు పొయ్యి వెలిగించడం అంటే చిన్న పని కాదు. అదీ రాజ్యం నడపడం లాంటిదే. ఒప్పుకోరా? యాభైమంది చుట్టాలొచ్చిన పెళ్ళింట్లో వంట చూసుకున్న వాళ్ళనడగండి.

"రేపు జబ్బార్ వెళ్దాం" అన్నాను. బ్లూ లగూన్ పడవ టికెట్లు తీసుకుందామనుకుంటున్న మా వారు "అక్కడేముంది?" అన్నారు. "ఒక విగ్రహం" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. మర్నాడు బస్సెక్కి వెళ్ళాం. ఎండ చుర్రుమంటోంది. విగ్రహం దగ్గర నన్ను నిలబెట్టి, నాలుగు ఫోటోలు తీశారు. మూడింట్లో నా కళ్ళు మూసుకుని ఉన్నాయి.

ఆ రాత్రి ఫోన్ మామయ్యగారే చేశారు. "అమ్మాయ్, వాడు ఇవాళ చారు పెట్టాడు. ఉప్పెయ్యడం మర్చిపోయాడు. మళ్ళీ వేసుకుని తిన్నాంలే. మీరేం చూశారు?" అన్నారు.

బిర్గులో చూసిన సొరంగం దగ్గర మొదలుపెట్టాను. ఆయన మధ్యలో ఆపి, "మా చిన్నప్పుడూ రేషనే. బియ్యం కోసం మా అమ్మ తెల్లారగట్ల వెళ్ళి నిలబడేది" అన్నారు. పాతికేళ్ళలో ఆయన నోట ఆ కబురు వినడం అదే మొదలు.