కుండీమొక్క: దాని వెనుకటి చరిత్ర

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో నేడు పెరడులు తగ్గి మేడలు పెరిగినవి. పెరడు లేని యింట పచ్చని యాకును జూడగోరు గృహస్థునకు కుండీయే పెరడైనది. ఈ కోరిక నిందింపదగినది కాదు. కాని మొక్కను నేలనుండి వేఱుచేసి పాత్రలో నిలిపినంతనే దాని పోషణభారము మనుష్యునిమీద పడుచున్నది. ఆ భారమును మనుష్యుడు తానే వహించుచున్నాడా, లేక మఱియొకచోటి మంటిమీదను నీటిమీదను మోపుచున్నాడా యనునది విచారింపదగిన విషయము. ఈ విచారణకు చరిత్రయే తగిన దారి యని మేము తలచుచున్నాము.

పాత్రలో మొక్కను పెంచుట మనకు క్రొత్త కాదు. వివాహాది శుభకార్యములందు అంకురార్పణమునకై మంటిపాలికలలో పుట్టమన్ను నింపి, నవధాన్యములు చల్లి మొలకెత్తించుట మన యిండ్లలో నేటికిని కలదు. ముంగిట తులసికోట యున్నది. అమరావతీ శిల్పములందు పద్మములతో నిండిన పూర్ణఘటము కనబడుచున్నది. శాస్త్రమునకును కొఱత లేదు. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమున కొక యధ్యాయమునే కేటాయించెను. తరువాత సురపాలుడు అదే పేర ప్రత్యేకగ్రంథము రచించి, జంతుపదార్థములను మురుగబెట్టి చేయు కుణపజలమను ద్రవపుటెరువును వర్ణించెను. అయినను మాకు వీనియన్నిటికంటె పాలికల యాచారమే యెక్కువ బోధించుచున్నది. మన్ను పుట్టనుండి వచ్చును. పాత్ర కుమ్మరి యింటినుండి వచ్చును. కార్యము ముగిసినపిదప మొలకలు నీట కలియును. పాత్ర పగిలినను మన్నే యగును. తెచ్చినది తెచ్చినచోటికే చేరుట యీ యాచారమందలి మర్మము.

మొక్కలు దూరదేశములకు పయనమైనప్పుడు ఈ మర్మము మఱుగుపడినది. క్రీస్తుపూర్వము 15వ శతాబ్దమున ఈజిప్టు రాణి హత్షెప్సుత్ పుంట్ దేశమునుండి సాంబ్రాణిచెట్లను వేళ్లతోగూడ గంపలలో నోడలపై తెప్పించినట్లు ఆమె యాలయపు గోడశిల్పములు చూపుచున్నవి. మన దేశమున విలియం రాక్స్‌బర్గు అను వైద్యుడు 1780ల ప్రాంతమున సామర్లకోటలో తోట వేసి దేశవిదేశపు మొక్కలను పరీక్షించెను. 1793లో కలకత్తా ఉద్యానమున కధ్యక్షుడై వెడలెను. ఆ కాలమున ఓడప్రయాణమే మొక్కలకు మృత్యువు. ఉప్పుగాలి సోకియు, మంచినీరు చాలకయు అవి నడిసముద్రమున ఎండిపోవుచుండెడివి. 1829లో లండనునందలి వైద్యుడు నెథానియేల్ వార్డు మూతవేసిన గాజుపాత్రలోని తడిమంటిలో మొక్కలు తమంతట మొలిచి బ్రతుకుట గమనించి, ఆ సూత్రముపై గాజుపెట్టెలు చేయించి, 1833లో ఆస్ట్రేలియాకు పంపెను. మొక్కలు బ్రతికినవి. అటుపిమ్మట చీనాదేశపు తేయాకుమొక్కలు హిమాలయప్రాంతములకు వచ్చినది ఇట్టి పెట్టెలలోనే. మన కుండీలలోని కాగితపుపూలతీగె దక్షిణామెరికాది, బిళ్లగన్నేరు మడగాస్కరుది, క్రోటను మలయా, పసిఫిక్ దీవులది. మన యలంకారమంతయు పరదేశపు సొత్తే యనిన అతిశయోక్తి కాదు.

పరదేశపు మొక్క వచ్చుటవలన దోషము లేదు. అది పాత్రను దాటినప్పుడేమగునో మన కాలువలే చెప్పుచున్నవి. 1852-55 సంవత్సరముల నడుమ బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిన తరువాత పశ్చిమడెల్టా కాలువలు తెనాలి, రేపల్లె, బాపట్ల సీమలను మాగాణి చేసినవి. నేడు ఆ కాలువలలో, మురుగుకాలువలలో గుర్రపుడెక్క పెరిగి నీటిపాఱుదల నడ్డగించుచున్నది. అది అమెజాను నదీప్రాంతపు మొక్క. ఊదాపూల సొగసునకు మురిసి 19వ శతాబ్దాంతమున దానిని వంగదేశమునకు తెచ్చిరి. అది తొట్టిలో నిలువలేదు. వంగదేశపు చెఱువులను, కాలువలను కప్పివేయగా 1936లో అచ్చట దాని నిర్మూలనకై ప్రత్యేకచట్టమునే చేయవలసివచ్చెను. ఒకరి యింటి యందము వేలకొలది రైతులకు బరువైన వైనమిది.

ఇక పాత్ర మాట. 1933లో ఇంగ్లండునందలి ఒక రసాయనశాలలో పాలిథిన్ పుట్టెను. తరువాత దానితో చేసిన సంచి నర్సరీలకు వరమైనది. అది తేలిక, చవుక, పగులదు. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట నీటితో పెరిగిన గోదావరీసీమలో కడియము, కడియపులంక గ్రామములు నేడు దేశమంతటికి లారీలపై మొక్కలంపుచున్నవి. ఎందఱో స్త్రీపురుషులకు అచ్చట కూలి దొరకుచున్నది. ఆ పరిశ్రమను మేము తక్కువచేయుట లేదు. అయినను లెక్క యొకటి చూడవలెను. చిన్నసంచికి రెండు కిలోల మన్ను పట్టుననుకొన్నను లక్షమొక్కలకు 200 టన్నుల మన్ను కావలెను. సాధారణముగా ఎఱ్ఱమన్ను, ఇసుక, పశువులయెరువు సమపాళ్లుగా కలుపుదురు. నల్లరేగడి డెల్టాకు ఎఱ్ఱమన్ను మెట్టసీమలనుండియే రావలెను. ఒక యంగుళము మేటిమన్ను ఏర్పడుటకు ప్రకృతికి వందలయేండ్లు పట్టును. అది మొక్కతో వెడలిన మఱల రాదు. సంచి మాత్రము చిరిగి మురుగుకాలువలో మిగులును. కుమ్మరిసారె నిలిచిపోవును.

అంత మన్ను నిజముగా అవసరమా? కాదనియే శాస్త్రము చెప్పుచున్నది. పొలములో పోసిన నీరు లోతునకు దిగిపోవును. కుండీలో దిగుటకు లోతు లేదు. అడుగున రంధ్రమున్నను కొంతయెత్తువఱకు నీరు నిలిచియుండును. మన్ను ఎంత మెత్తనిదైన ఆ తడిపొర యంత యెత్తగును; వేళ్లకు గాలి యాడక కుళ్లును. రేగడిమన్ను కుండీకి పనికిరాకుండుటకు కారణమిదే. అడుగున పెంకులు, గులకఱాళ్లు పొరగా పఱచిన మేలను నమ్మకమును సరికాదు. తడిపొర పెంకులమీదికి జరుగునే కాని తొలగదు. కావలసినది గరుకైన, గాలి యాడు మిశ్రమము. ఇంగ్లండులో 1930లనాడు జాన్ ఇన్నిస్ పరిశోధకులును, 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారును ఇట్టి మిశ్రమములకు నియమములేర్పఱచిరి. అయితే వారు వాడిన పీటు అను బురదనేల పదార్థము ఏడాదికి సుమారు ఒక్క మిల్లిమీటరు మాత్రమే పెరుగును గనుక దాని త్రవ్వకమును తగ్గింపవలెనని నేడు ఐరోపాలోనే యాందోళన కలదు.

మనకు పీటు అక్కఱ లేదు. ధాన్యపు బరువులో నూటికి సుమారు 20 పాళ్లు ఊక. తెనాలిప్రాంతపు బియ్యపుమిల్లులలో అది రాసులు పడియుండును. దానిని బొగ్గుగా కాల్చిన మిశ్రమమునకు గాలిని, గుల్లదనమును ఇచ్చును. బాపట్ల ఇసుకనేలలలో వేరుసెనగ పండును. దాని పొట్టు మురిగిన మంచి యెరువు. కొబ్బరిపొట్టు తన బరువునకు ఎన్నియో రెట్లు నీటిని పట్టియుంచును. అందలి యుప్పును మాత్రము మంచినీట కడిగివేయవలెను. రేపల్లెవైపు లంకలలోని యరటిదొప్పలు లేతమొక్కలకు కాసుకర్చు లేని పాత్రలు. వానితోనే నేల నాటవచ్చును. మనలను బాధించు గుర్రపుడెక్కనే గింజ పట్టకమునుపు తీసి, పేడతో కలిపి కుప్పవేసి, బాగుగ వేడెక్కి మురిగినపిదప కుండీలలో వాడవచ్చును. ఇవి కలిపినచో మన్ను మూడవపాలునకు మించనక్కఱ లేదు. బరువు తగ్గుటచే బండికూలియు తగ్గును.

నీటియందును వివేకము వలయును. సముద్రమునకు చేరువనున్న రేపల్లెసీమలో భూగర్భజలము పలుచోట్ల ఉప్పన. కుండీలో ఆ నీరు ఆవిరియై ఉప్పు మిగిలి ఆకుల యంచులు మాడును. వాననీటిని పట్టి దాచుకొనుటయు, వ్రేలు గ్రుచ్చి తడి చూచి పోయుటయు దీనికి విరుగుడు. మట్టికుండీ గోడలు గాలిని పీల్చి వేళ్లకు చలువనిచ్చును. కాని దానికి నీరెక్కువ కావలెను, కాల్చుటకు కట్టెయు కావలెను. కావున ఏ కుండీయైనను పలుమాఱులు వాడుటయే ధర్మము. గోలీసోడా సీసాను తిరిగి యిచ్చి పైకము పుచ్చుకొన్న దేశము మనది. నర్సరీవారు కుండీకిని అట్టి బయానా యేర్పఱచుట కష్టమా?

బాపట్లలో 1945లో వ్యవసాయకళాశాల నెలకొన్నది. అచ్చటి విజ్ఞానమును, మిల్లుల యూకను, లంకల యరటిదొప్పను ఒక్కచోట కూర్చుటకు ఈ మూడు పట్టణముల పురపాలకసంఘములును, పాఠశాలలును పూనుకొనవలెను. కొనువారును మొక్క వెల యడుగుటతో సరిపెట్టుకొనక, మన్నెచ్చటిది, సంచి యేమగును, ఈ మొక్క కాలువ పాలయిన నేమగును అని యడుగవలెను. పాలికలు పట్టిన చేతులకు ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు.