తెరచిన వాకిలి

తిరుపతి యింటనుండి 70 కిలోమీటర్ల దూరమున, చిత్తూరు కార్యాలయమునందలి కంప్యూటరును నడుపుట నేడు వింత కాదు. దీని వెనుక కొంత చరిత్ర కలదు.

నాటి అంతర్జాల చిరునామాలు సుమారు 430 కోట్లే. అవి చాలవని యెంచి, కొలది చిరునామాల చాటున పెక్కు యంత్రములుండు పద్ధతిని 1994లో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్‌ అను నిపుణులు ప్రకటించిరి. వెలుపలివారికి లోపలి యంత్రము కానరాదయ్యెను. అందుచే ‘ఈ పోర్టునకు వచ్చినవారిని ఆ యంత్రము కడకు పంపుము’ అని కార్యాలయపు రౌటరునకు ఆనతి యీయవలసివచ్చెను. ఇదియే పోర్టు ఫార్వర్డింగు. రిమోట్ డెస్క్‌టాపునకు వాడుకలోనున్న పోర్టు సంఖ్య 3389.

కాని మనకై తెరచిన వాకిలి దొంగకును తెరచినదే. 2019లో బయటపడిన ‘బ్లూకీప్’ లోపము పాస్‌వర్డు లేకయే చొరబాటునకు తావిచ్చెను. మైక్రోసాఫ్టు, తాను పోషణ మానిన ఎక్స్‌పీకి సైతము దిద్దుబాటు నొసగెను. కావున ఆ వాకిలి మూసి, ముందుగా గుర్తింపు నడుగు వీపీఎన్ దారిని పోవుటయే క్షేమమని మా మనవి.