పేట పెట్టుకున్న సంఘం

ఆలమూరు గౌతమికి ఎడమ గట్టున ఉంది. జొన్నాడ దగ్గర వంతెన దాటితే రావులపాలెం, అక్కడి నుంచి నడిమి డెల్టా, జనం నోట అసలు కోనసీమ. 2022లో జిల్లాలు మారినప్పుడు ఆలమూరు కోనసీమ జిల్లాలో చేరింది గాని, అంతకుముందు చాలాకాలం దాని రాకపోకలు ఎక్కువగా రామచంద్రపురం, మండపేట, కాకినాడలతోనే. ఇక్కడి క్రైస్తవ సంఘాల చరిత్ర అర్థం కావాలంటే ఈ భూగోళం ముందు తెలియాలి. రాజమండ్రి, ధవళేశ్వరం వైపు లూథరన్ మిషన్ పనిచేసింది. ఏటి అవతల, నరసాపురం పాలకొల్లు మొదలుకొని కోనసీమ దాకా, 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్. కాకినాడ, సామర్లకోట, రామచంద్రపురం వైపు కెనడియన్ బాప్టిస్టులు. పసిబిడ్డ తల మీద నీళ్లు చిలకరించే సంఘం, జీతపు కాపరి లేకుండా వారం వారం రొట్టె విరుచుకునే సంఘం, పెద్దవాళ్లను నిండు నీళ్లలో ముంచి లేపే సంఘం, మూడూ దగ్గర దగ్గరగా బతికిన నేల ఇది.

ఈ చరిత్రను మనవాళ్లు సాధారణంగా మిషనరీల చరిత్రగా చెబుతారు. ఏ దొర ఎప్పుడొచ్చాడు, ఏ దొరసాని ఎక్కడ బడి పెట్టింది, ఆసుపత్రి పునాదిరాయి ఎవరు వేశారు అన్నవే ముందుకొస్తాయి. ఆ బడులూ ఆసుపత్రులూ చేసిన మేలు చిన్నది కాదు. 19వ శతాబ్దం చివర రామచంద్రపురంలో కుష్ఠురోగుల కోసం ఆశ్రమం నిలబెట్టిన కెనడియన్ మిషనరీ మిస్ హాచ్ పేరు మరువదగింది కాదు. అయినా బాప్టిస్టు సంఘం ఈ డెల్టా పేటలకు ఇచ్చిన అసలైన కొత్తదనం మిషన్ బంగళాలో లేదు, సంఘం రోజువారీ నడకలో ఉంది. లోపలికి ఎవరిని చేర్చుకోవాలి, పెద్దలుగా ఎవరిని ఎన్నుకోవాలి, కానుక డబ్బు ఎవరి దగ్గర ఉండాలి, జబ్బుపడ్డ ఇంటికి ఎవరు వెళ్లాలి అన్నవి కూర్చుని తేల్చుకునే పని అది. ఊరి చావడిలో కూర్చోవడానికి చోటు లేని మనుషులు తమకంటూ ఒక సభ పెట్టుకుని, చెయ్యెత్తి నిర్ణయం చేసి, దాన్ని పుస్తకంలోకి ఎక్కించారు. పంచాయతీ ఎన్నికల్లో వయోజన ఓటు హక్కు రావడానికి ఎన్నో ఏళ్ల ముందు జరిగిన సంగతి ఇది.

బాప్టిస్టుల పద్ధతిలోనే దీనికి మూలం ఉంది. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తలదాచుకున్న కొందరు ఇంగ్లీషువాళ్లు, జాన్ స్మిత్ నాయకత్వంలో, ఒక తీర్మానానికి వచ్చారు: పుట్టుకతో ఎవరూ సంఘ సభ్యులు కారు, తెలిసి ఒప్పుకున్నవాళ్లే సభ్యులు. అలా ఒప్పుకున్నవాళ్ల మీద బిషప్పు పెత్తనం ఉండదు, రాజు పెత్తనం ఉండదు, ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద. తర్వాతి కాలంలో ఒప్పుకోలును ఒక నిబంధనగా రాసుకునే అలవాటు బలపడింది. 1853లో అమెరికాలో న్యూటన్ బ్రౌన్ అచ్చువేసిన నిబంధన బాప్టిస్టుల్లో చాలా దూరం పాకింది. అందులో సిద్ధాంతం కంటే నడవడికే ఎక్కువ చోటు. ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలి, జబ్బులో కష్టంలో ఆదుకోవాలి, మాట మర్యాదగా ఉండాలి, తొందరపడి కోపం తెచ్చుకోకూడదు, సారా జోలికి పోకూడదు, సంఘం ఖర్చుకు తమ వంతు ఇవ్వాలి. సహవాసం అనేది మనసులో కలిగే ఆప్యాయతగా మిగిలిపోకుండా మాట ఇచ్చి మోసే బాధ్యత అయింది. మాట తప్పితే అడిగే హక్కు పక్కింటి మనిషికి ఉంది.

ఆ బాధ్యత డెల్టాలో దిగిన చోటు వేరు. మాలపేటల్లోనూ మాదిగపేటల్లోనూ కులపెద్దల పంచాయతీ ముందు నుంచీ ఉంది. బాప్టిస్టు సంఘం ఖాళీ నేల మీద మొలవలేదు. డెల్టా బయట, ఒంగోలులో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తన జ్ఞాపకాల్లో ఈ సంగతి దాచలేదు: మాదిగ పల్లెల్లో అప్పటికే ఉన్న పెద్దల ద్వారానే సంఘాన్ని నడిపించానని చెప్పుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్లకు అతను పెట్టిన నియమాలు మూడే: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పనిచేయకూడదు. పైకి మూడూ మతం మాటలే. పల్లెలో మాత్రం మూడూ ఊరితో తగువు తెచ్చే మాటలు. జాతరకు డప్పు కొట్టడం, చచ్చిన పశువును ఈడ్చుకుపోవడం పేట మీద ఊరు మోపిన పనులు. ఏడాది జీతానికి కుదిరిన పాలేరుకు వారంలో ఒక రోజు తనదని చెప్పుకునే హక్కు లేదు. ఆదివారం రానని చెప్పిన పాలేరు ఎదుట కామందు కోపం ఉంది, వెనక సంఘం ఉంది. ఆ వెనక ఉన్నది గట్టిగా నిలబడకపోతే ఆ మాట అనే ధైర్యం ఒక్క మనిషికి రాదు.

ఆనకట్ట కథ కూడా ఇందులో కలిసింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. రాళ్లు మోయడానికి చేరిన కూలీల మధ్య బౌడెన్, బీర్ సువార్త చెప్పారు. ఆనకట్ట తర్వాత కాలువలొచ్చాయి. కెనడియన్ మిషనరీలు వాటి మీదుగా ఇంటిపడవల్లో ఊరూరా తిరిగారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచే సంగతి ఒకటుంది. బాప్టిస్టు బాప్తిస్మానికి చెంబెడు నీళ్లు చాలవు, నడుం లోతు నీళ్లు కావాలి. ఊరి చెరువు, ఊరి బావి పేటకు మూసి ఉన్న రోజుల్లో, సర్కారు కాలువా గోదారీ ఏ ఒక్క కులం చేతిలోనూ లేవు. పట్టపగలు, పది ఊళ్ల రాకపోకల దారిలో, గట్టు మీద పాట అందుకుంటుండగా నీళ్లలోకి దిగడం విశ్వాసానికి సాక్ష్యమైనట్టే నీటి మీద హక్కుకూ సాక్ష్యం అయింది. దిగినవాళ్లు దాన్ని అలా అనుకుని ఉండకపోవచ్చు. గట్టు మీద నిలబడి చూసిన ఊరికి మాత్రం రెండో అర్థం తెలియకుండా పోదు.

సంఘం రోజువారీ బతుకులో స్త్రీల పాలు అన్నిటికంటే పెద్దది, రాతలో అన్నిటికంటే తక్కువ. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, వారానికోసారి ఆ బియ్యం సంఘానికి చేర్చడం తెలుగు క్రైస్తవ ఇళ్లలో పాతుకుపోయిన ఆచారం. కూలి గింజల మీద బతికే ఇంట్లో ఆ పిడికెడు ఒకరి ముద్ద. అదే కాపరి ఇంటి బియ్యం అయింది, ఆపదలో ఉన్న ఇంటికి సాయమూ అయింది. స్త్రీల సమాజం జరిపే కుటుంబ ప్రార్థనలు ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. ఆ వంతు ప్రతి గడపకూ వస్తుంది, కప్పు కారే గుడిసెకు కూడా. చదువొచ్చిన బైబిల్ స్త్రీ వాక్యం చదువుతుంటే విని అప్పజెప్పినవాళ్లలో కొందరు తర్వాత అక్షరాలు కూడబలుక్కున్నారు. చావు ఇంట్లో సంఘం ముందు నిలుస్తుంది: పెట్టె చేయించడం, గొయ్యి తవ్వించడం, కొన్నాళ్లకు ఆదరణ కూడిక పెట్టడం. పెళ్లికి 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద రిజిస్టరు, సంతకాలు, సాక్షులు. తప్పు చేసినవాణ్ని ప్రభువు బల్ల నుంచి కొంతకాలం దూరం పెట్టడం, ఒప్పుకున్నాక అందరి ఎదుటా తిరిగి చేర్చుకోవడం కులపంచాయతీ వెలికి దగ్గరగానే కనిపిస్తుంది. తేడా ఏమిటంటే తిరిగి రావడానికి ఇక్కడ జరిమానా కల్లు పోయించనక్కర్లేదు, పశ్చాత్తాపం చాలు.

ఇదంతా బియ్యం కోసం, బట్ట కోసం చేరినవాళ్ల కథే కదా అనే ఆక్షేపణ పాతది, ఇప్పటికీ వినిపిస్తుంది. దానికి గట్టి జవాబు 1876-78 కరువులో ఉంది. ఆ రోజుల్లో క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే గుత్త తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. సాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బియ్యం అయిపోయాక వచ్చిన మనుషులను బియ్యం కోసం వచ్చారనడం కష్టం. 1933లో మిషనరీ వాస్కం పికెట్ అచ్చువేసిన సర్వేలో, తెలుగు ప్రాంతాలతో సహా దేశంలో దాదాపు నాలుగు వేలమందిని అడిగితే, లౌకిక లాభం కోసం వచ్చామని అర్థమయ్యే కారణాలు చెప్పినవాళ్లు సుమారు 8 శాతం. అడిగినవాళ్లు మిషన్ మనుషులే గనుక ఈ లెక్కను కొంత తగ్గించి చూడాలి. తగ్గించి చూసినా, బడి కోసం, మర్యాద కోసం, దెబ్బ తప్పించుకోవడం కోసం వచ్చినవాళ్లను తక్కువ చేసే హక్కు ఎవరికుంది? మనిషిగా చూసే చోటు వెతుక్కోవడం కూడా ఆత్మకు సంబంధించిన ఆకలే.

రెండో ఆక్షేపణ బరువైనది. జీతాలు మిషన్ ఇస్తుంటే, భవనం మిషన్‌దైతే, చెయ్యెత్తి ఓటేయడం నాటకం కాదా? చాలా చోట్ల దొర మాటే చెల్లిందన్నది నిజం. ఉపదేశి జీతం ఇచ్చేవాడి వైపు చూశాడు, సంఘం ఉపదేశి వైపు చూసింది. అయితే తూర్పు గోదావరిలో బాప్టిస్టు పని మొదలైన తీరు ఈ వాదాన్ని సగం కొట్టేస్తుంది. కాకినాడలో దాన్ని మొదలుపెట్టింది థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు, సర్కారు ఉద్యోగం వదులుకుని. చేరినవాళ్లు పెరిగి, ఖర్చు మోయలేనంత అయ్యాక అతనే కెనడా బాప్టిస్టులను పిలిపించాడు. జాన్ మెక్‌లారిన్ 1874 మార్చిలో కాకినాడ చేరేసరికి అక్కడ సంఘం ఉంది. మరుసటి ఏడాది మొదట్లోనే గాబ్రియేల్ కన్నుమూశాడు గాని, వరస మాత్రం మారదు: ముందు తెలుగు సంఘం, తర్వాత విదేశీ సాయం. అమెరికా దక్షిణాది నల్లజాతి బాప్టిస్టుల చరిత్ర ఇక్కడ పోల్చి చూడదగ్గది. యజమానుల మతం నుంచే వచ్చినా, ఆ చర్చి నల్లవాళ్ల సామాజిక జీవితానికి కేంద్రమైందని నల్లజాతి పండితుడు డుబాయిస్ 1903లో రాశాడు. ఇచ్చినవాడి ఉద్దేశం ఒకటి, తీసుకున్నవాడు దాన్ని వాడుకున్న తీరు మరొకటి. స్వాతంత్ర్యం తర్వాత మిషన్ తప్పుకుని ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల కన్వెన్షన్ బాధ్యత తీసుకున్నాక ఆస్తుల తగాదాలు కోర్టులకెక్కాయి. ఆ గొడవల మధ్య కూడా ఆదివారం గంట ఆగలేదంటే సంఘానికి తనదైన వెన్నెముక ఒకటి ఉందనే అర్థం.

మూడో ఆక్షేపణ కులం గురించి; దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉందని చెప్పడం అన్యాయం. కులం బాప్తిస్మపు నీళ్లలో కరిగిపోలేదు. ఒంగోలు వైపు సంఘాలు ఎక్కువగా మాదిగలవి, గోదావరి వైపు ఎక్కువగా మాలలవి. ఒకే ఊళ్లో రెండు పేటలకు రెండు గుళ్లున్న చోట్లు తక్కువేం కాదు. పెళ్లి సంబంధం వెతికేటప్పుడు నిబంధన పక్కకు జరుగుతుంది. పేట మొత్తాన్ని ఊరి ఎదుట నిలబెట్టిన సహవాసం పేటకూ పేటకూ మధ్య గోడను అంత గట్టిగా కదపలేదు. ఒక కులం ఒక సంఘంగా మారడమే దాని బలం, అదే దాని హద్దు కూడా. కులపెద్దల పంచాయతీ మీదనే సంఘం కట్టుకున్నప్పుడు పునాది గుణం గోడలకు రావడంలో వింత లేదు. అయినా ఒకే బల్ల దగ్గర అందరూ సమానమన్న మాట ప్రతి నెలా పైకి చదివే చోట, ఆ మాట ఎందుకు చెల్లడం లేదని నిలదీసే వీలు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చావడిలో ఆ వీలు లేదు.

ఈ చరిత్ర సరిగా రాయడానికి ఇప్పుడున్న పెద్ద అడ్డంకి కాగితం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డు కులం హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవులైన ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సీలో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. బడి, హాస్టలు, ఉద్యోగం అన్నీ ఒక ధ్రువపత్రం మీద నిలిచే బతుకులో, ఆదివారం గుడిలో ఉన్న మనిషి సర్కారు లెక్కల్లో క్రైస్తవుడిగా కనిపించకపోవచ్చు. జనగణన అంకెలు పట్టుకుని డెల్టా సంఘాల చరిత్ర చెప్పబోతే చరిత్రలో సగం జారిపోతుంది. మిగిలిన ఆధారం సంఘాల దగ్గరే ఉంది: బాప్తిస్మపు జాబితా, పెళ్లి రిజిస్టరు, సమాధుల లెక్క, కానుకల పద్దు, సంఘ సమావేశాల మినిట్సు. ఆలమూరు, రామచంద్రపురం చుట్టుపక్కల కాపరుల ఇళ్లలో, గుడి బీరువాల్లో ఇలాంటివి ఎన్ని మిగిలాయో అన్నీ గోదారి తేమకూ చెదకూ దొరక్కముందే ఫొటో తీయించి భద్రపరచాలి. స్త్రీ పేరు డీకన్ల జాబితాలోకి ఏ సంవత్సరం ఎక్కింది, పిడికెడు బియ్యం పద్దు పోయి నోట్ల పద్దు ఎప్పుడొచ్చింది, పక్క పేట మనిషిని చేర్చుకోవాలా వద్దా అన్న ప్రశ్న ఏ సమావేశంలో లేచి ఎలా తేలింది అన్నవాటికి జవాబు ఆ పుటల్లోనే వెతకాలి.