సాలిస్‌బరీ మైదానమందలి యభ్యాసకందకములు

అమరాది నిఘంటువులందుఁ బరిఖ యనఁగా దుర్గమును జుట్టివచ్చు నగడ్త. తెలుఁగునఁ గందకమన్నను నంతియే. 1914-18 సంవత్సరముల మహాయుద్ధమున సైనికులు త్రవ్వికొని నిలిచిన త్రవ్వులు దేనిని జుట్టివచ్చునవి కావు; సేనకు ముందు వంకరలు తిరుగుచు సాఁగిపోవునవి. వేఱు పదము లేమిచే వానినిఁ గూడఁ గందకములనియే యనవలసియున్నది. ఆ వంకరలు త్రవ్వినవారి యజ్ఞానము గాదు. ఫిరంగిగుం డొకచోఁ బడి ప్రేలినను దాని శకలములు మలుపును దాఁటిపోఁజాలవు. శత్రువు లోపలఁ జొచ్చినను బంక్తినంతయు నొక్కవరుసఁ గాల్చుట కవకాశము చిక్కదు.

ఇట్టి కందకములు ఫ్రాన్సు, బెల్జియము దేశములం దుండుట వింత గాదు; అవి రణరంగములు. శత్రుసైన్య మడుగిడని యింగ్లండునందును నవి విశేషముగాఁ గలవు. నిన్నటిదాఁక గనులలోను నంగళ్లలోను బనిచేసినవారు రణమునకుఁ బోవుటకు ముం దట్టి త్రవ్వులలో నుండి నేర్వవలసియుండెను. విల్ట్‌షైరు మండలమున, స్టోన్‌హెంజి శిలావలయమునకుఁ జేరువనున్న లార్క్‌హిల్లు అట్టి శిక్షాస్థానములలో నొకటి. బ్రిటిషు సైనికులేగాక యాస్ట్రేలియావారును నచ్చట శిక్షణము పొందిరి. సాధారణముగా నిట్టి కందకములు పూడ్చివేయఁబడినను, బూడ్చిన మన్నునకును జుట్టునున్న సుద్దనేలకును భేద ముండుటచే, విమానమునుండి తీసిన ఛాయాచిత్రములలో వాని రేఖలు పైరునందుఁ గానవచ్చును.

సైనికకుటుంబములకై యిండ్లు కట్టఁదలఁచి, ముందుగా 2016-17 సంవత్సరములలో వెసెక్సు ఆర్కియాలజీ సంస్థవారిచే నా స్థలమును ద్రవ్వించి పరిశోధింపఁజేసిరి. ఇంచుమించు 8 కిలోమీటర్ల పొడవు కందకములు బయల్పడినవి. ముందువరుస కందకములు, వానిని వెనుకవానితోఁ గలుపు త్రోవలు, శత్రువు కాళ్లక్రిందికిఁ బోయి మందు ప్రేల్చుట నేర్పుటకైన సొరంగములు, అన్నియు నచ్చటఁ గానవచ్చినవి. చేతిబాంబులు 200లకుఁ బైఁగా దొరకినవి. అందు సగముదాఁక నప్పటికిని బ్రేలుశక్తి గలవి. శాసనమును జదువఁబోయినవానికిఁ బ్రాణభయము కలిగించు క్షేత్రము లరుదు.

శాసనమనుట యుపచారము గాదు. అచ్చటి సుద్దరాయి మెత్తనిది, కత్తిమొనతోఁ జెక్కవచ్చును. దానిపై సైనికులు చెక్కిన వ్రాఁతలు నూఱింటికిఁ బైఁగాఁ గనుఁగొనఁబడినవి. మన శాసనములందువలె వంశావళులు లేవు, బిరుదులు లేవు. ఆ పేళ్లలో లారెన్సు కార్తేజి వెదర్సు పేరొకటి. ఆస్ట్రేలియా 43వ పటాలమునకుఁ జెందిన యితఁడు 1918 సెప్టెంబరు 2వ తేదీని ఫ్రాన్సులోఁ బెరోను నగరప్రాంతమునఁ జూపిన సాహసమునకు విక్టోరియా క్రాసు పతకమునకుఁ బాత్రుఁడయ్యెను. ఆ నెల ముగియకమునుపే గాయపడి మరణించెను. పతకము ప్రకటింపఁబడునాఁటి కతఁడు లేఁడు. పతకము పొందని తక్కినవారి పేళ్లకు విలువ తక్కువయని శాసనపరిశోధకుఁ డెవ్వఁడు ననఁడు.

నూఱేండ్లనాఁటి సంగతికై నేలను ద్రవ్వనేల, కాగితములు లేవా యనువారు గలరు. సైన్యమువారు ముద్రించిన శిక్షణగ్రంథములు కందక మెట్లు త్రవ్వవలయునో చెప్పును. ఎట్లు త్రవ్విరో నేలయే చెప్పవలయును. సూత్రమునకును బ్రయోగమునకును గల యెడము వైయాకరణులకుఁ గ్రొత్తది గాదు. మఱియు లార్క్‌హిల్లు త్రవ్వకములలోనే క్రీ. పూ. 3700 ప్రాంతమునాఁటి నవీనశిలాయుగపు టావరణ మొకటి బయల్పడినది. స్టోన్‌హెంజికన్నఁ గొన్ని శతాబ్దములు ప్రాచీనమైన యీ యావరణమును జుట్టిన త్రవ్వు నడుమనడుమఁ దెగి త్రోవలు విడుచుచున్నను, నిఘంటువు చెప్పిన పరిఖకు సైనికుల త్రవ్వులకన్న నదియే చేరువ.

స్టాఫర్డ్‌షైరులోని కానక్ చేజియందు వేఱొక రీతి జరగినది. బెల్జియములోని మెసీను గ్రామమును 1917 జూనులో న్యూజీలాండు సైనికులు పట్టుకొనిరి. ఆ గ్రామపు నమూనాను గందకములతోఁ గూడ బ్రాక్టను శిబిరమున 1918లో వారే జర్మను ఖైదీల శ్రమతో నేలపైఁ గట్టించిరి. 2013లో దానిని వెలికిఁదీసి, కొలిచి, మరల మన్నుగప్పిరి. కావున వేఱొక తరమువారు దానిని దిరిగి పరిశీలింపవచ్చును. లార్క్‌హిల్లున నట్లు గాదు. త్రవ్విన చోట నిండ్లు లేచినవి. త్రవ్వకముల కాలమున వ్రాసికొన్న కొలతలును, దీసిన ఛాయాచిత్రములును, వెలికిఁదీసిన వస్తువులును మాత్రమే యిఁక నాధారములు.