వైద్యాపరాధము - దండము

వైద్యుఁడు చికిత్సయందుఁ దప్పినచో విచారించు వారెవరను ప్రశ్నము మనకుఁ గ్రొత్తది కాదు. మిథ్యాచికిత్స పశువునకైనచోఁ బ్రథమసాహసమును, మనుష్యునకైనచో మధ్యమసాహసమును, రాజపురుషునకైనచో నుత్తమసాహసమును యాజ్ఞవల్క్యుఁడు విధించెను. రోగి పదవినిబట్టి వైద్యుని తప్పు పెరుగుట చిత్రమే! కౌటిల్యుని దృష్టి యింతకంటె సూక్ష్మము. ప్రాణాపాయమున్నదని తెలుపక చికిత్సింపఁగా రోగి మరణించినఁ బ్రథమసాహసము. చికిత్సాదోషముననే మరణించిన మధ్యమము.

తెనాలి, బాపట్ల, రేపల్లెలు చెన్నపురి రాజధానిలో నుండఁగా 1914లో వైద్యుల రిజిస్ట్రేషను చట్టము వెలసెను. ధనదండమునకు మాఱుగాఁ బట్టికనుండి పేరు కొట్టివేయుట శిక్ష యయ్యెను. విచారించు మండలిలోనివారును వైద్యులే. పట్టిక కెక్కని నాటువైద్యుల నీ శిక్ష తాఁకదు. ఆంధ్రప్రదేశమున 1968లో వేఱు చట్టము వచ్చినను బద్ధతి యదియే.

మఱి నష్టపడిన కుటుంబమునకుఁ జేరిన దేమి? నాఁటి దండము రాజునకుఁ బోయెను. పేరు కొట్టివేఁత వృత్తిగౌరవమును గాపాడెను. పరిహారమునకు సివిలు వ్యాజ్యమే దిక్కు. 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు, రుసుము గొను వైద్యసేవయు 1986 నాఁటి వినియోగదారుల చట్టమునకు లోఁబడునని తీర్పు చెప్పెను. నాఁటినుండి తెనాలిరోగికి రెండు ద్వారములు. వినియోగదారుల కమిషను పేరు కొట్టివేయఁజాలదు. వైద్యమండలి పరిహార మిప్పింపఁజాలదు.