ఇక్కడేముంది నాయనా: సోమందేపల్లిలో ఒక పిజ్జా వెతుకులాట

పోయిన సంవత్సరం జూన్‌లో ఉద్యోగం కోసం విజయవాడ నుంచి సోమందేపల్లికి వచ్చాను. మాది కార్ల విడిభాగాలు చేసే కంపెనీ. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చాక చుట్టుపక్కల మొలిచిన వాటిలో ఒకటి. ఊళ్లో ఒక మేడ మీద గది దొరికింది. రెండో శనివారం రాత్రి, అలవాటు కొద్దీ ఫోన్ తీసి పిజ్జా కోసం చూశాను. మీ ప్రాంతానికి డెలివరీ లేదని చెప్పింది యాప్.

కింద అరుగు మీద ఇంటి ఓనరమ్మ చెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. "పెద్దమ్మా, ఇక్కడ దగ్గర్లో పిజ్జా ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాను.

"ఈడేముంది నాయనా, రాళ్లు తప్ప. మావాణ్ని అడుగు, వాడు బెంగళూర్లో అదే పని మింద ఉండాడు" అంది.

కొడుకు పిజ్జాలు బాగా తింటాడని చెబుతోందనుకుని నవ్వి ఊరుకున్నాను. ఆమె అన్న మొదటి మాట మాత్రం నాకు నచ్చింది. అమ్మకు ఫోన్ చేసినప్పుడు నేను కూడా అదే అన్నాను. ఇక్కడేముంది, ఏమీ లేదు. ఈ వ్యాసం ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి రాస్తున్నాను.

*

మొదట దొరికిన పిజ్జా బస్టాండు దగ్గర బేకరీది. గాజు అల్మరాలో దిల్‌పసంద్‌కూ ఆలూ బన్నుకూ మధ్య "వెజ్ పిజ్జా" అని చీటీ. కొంచెం తియ్యగా ఉండే బన్ను లాంటి రొట్టె, దాని మీద టమాటా సాస్, క్యాప్సికం, ఉల్లిపాయ ముక్కలు, తురిమిన చీజ్. వేడి చేసి, నాలుగు ముక్కలు కోసి పేపరు మీద పెట్టి ఇచ్చాడు. నేను ఫొటో తీసి స్నేహితుల గ్రూపులో పెట్టి నవ్వుకుంటుంటే కౌంటర్లో ఆయన చూశాడు. "బెంగళూరు పిజ్జా వేరే సార్. ఇది మా పిజ్జా" అన్నాడు. కోపంగా కాదు, సమాచారం ఇస్తున్నట్టు.

ఆ బన్ను వెనుక ఉన్న కథ తరవాత తెలుసుకున్నాను. ఈ వైపు బేకరీలన్నీ కన్నడ దేశపు అయ్యంగార్ బేకరీల పద్ధతిలో నడుస్తాయి. హాసన్ ప్రాంతపు పల్లెల నుంచి బెంగళూరు చేరిన కుటుంబాలు, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, దొరల కోసం పుట్టిన రొట్టె పనిని నేర్చుకున్నాయి. గుడ్డు తీసేశాయి, లోపల పల్యం పెట్టాయి, పైన కారం చల్లాయి. అది పల్లె వదిలి పట్నం పోయినవాళ్లు, తమకు తెలియని తిండిని తాము తినగలిగే తిండిగా మార్చుకున్న పద్ధతి. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిలుకు. మాటలోనే సగం కన్నడం వినిపించే ఈ పక్కకు ఆ బన్ను రావడంలో వింతేం లేదు. తరవాత దాని మీదకు చీజ్ కూడా ఎక్కింది.

మరి నేను వెతుకుతున్న "అసలు" పిజ్జా ఏది? 1996లో డామినోస్ ఢిల్లీలో, పిజ్జా హట్ బెంగళూరులో మొదటి దుకాణాలు తెరిచాయి. నేను విజయవాడలో తిని పెరిగింది వాటి రుచే. ఒకటి మిషిగన్ రాష్ట్రంలో పుట్టింది, ఇంకోటి కాన్సస్‌లో. ఇటలీతో వాటికున్న చుట్టరికం మా బేకరీ ఆయనకున్న దానికంటే మరీ దగ్గరిదేం కాదు. నేను ఎవరిని చూసి నవ్వాను?

*

ఇటలీ గురించి ఆలోచిస్తూనే ఒక ఆదివారం పెనుకొండ కోట ఎక్కాను. సోమందేపల్లి నుంచి బస్సులో కాసేపు. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో రామరాయలు చనిపోయాక, ఆయన తమ్ముడు తిరుమల రాయలు రాజు సదాశివరాయల్ని వెంటబెట్టుకుని, ఏనుగుల మీద ధనం వేసుకుని వచ్చి తలదాచుకున్నది ఈ కొండ కిందే. 1592 ప్రాంతంలో రాజధాని చంద్రగిరికి మారేదాకా, పాతికేళ్లకు పైగా విజయనగరం అంటే పెనుకొండే. అంటే ఈ ప్రాంతానికి మొదట పేరున్న "వలస" ఒక రాజదర్బారుది. వాళ్లు ఇష్టపడి రాలేదు, పారిపోయి వచ్చారు.

రెండేళ్ల తరవాత, 1567లో, ఒక ఇటలీవాడు విజయనగరం వచ్చాడు. వెనిస్ వ్యాపారి చెసారె ఫెదెరీచి. పాడుబడిన నగరంలో నెలల తరబడి ఉండిపోయాడు, దారుల్లో దొంగల భయం అంత ఉండేదట. రాజు తన పరివారంతో ఎనిమిది రోజుల ప్రయాణం అవతల ఉన్న "పెనెగొండె" అనే కోటకు వెళ్లిపోయాడని రాసుకున్నాడు. తిరుమల రాయలు గుర్రాలు తెప్పించుకుని వ్యాపారులకు డబ్బు ఇవ్వకుండా పంపేశాడని కూడా రాశాడు. ఆ పుస్తకం 1587లో వెనిస్‌లో అచ్చయింది.

గగన్ మహల్ గోడ పక్కన కూర్చుని నాకొక పిచ్చి ప్రశ్న వచ్చింది. ఈ ఫెదెరీచికి పిజ్జా తెలుసా?

మనం అనుకునే పిజ్జా తెలియదు. "పిజ్జా" అన్న మాట పాతదే, 997 నాటి ఒక లాటిన్ పత్రంలోనే కనిపిస్తుంది. కానీ టమాటా అమెరికా ఖండం నుంచి ఇటలీ చేరి అప్పటికి పాతికేళ్లయి ఉంటుందేమో. మొక్కల పండితులు దాని గురించి రాస్తున్నారు గానీ ఇంటి వంటలోకి ఇంకా రాలేదు. టమాటా సాస్ ఎలా చేయాలో ఒక ఇటలీ వంటల పుస్తకంలో అచ్చయింది 1690లలో, నేపుల్స్‌లో. తిరుమల రాయల పెనుకొండలోనూ టమాటా లేదు, చెనక్కాయ లేదు. మిరప మాత్రం పోర్చుగీసు ఓడల్లో పడమటి తీరానికి చేరి మెల్లగా లోపలికి వస్తున్న కాలం. దానికి మనం వేరే పేరు కూడా వెతకలేదు, మిరియానికున్న పేరునే కాస్త మార్చి తగిలించాం.

ఈ రోజు హిందూపురం మార్కెట్‌కు పోతే ఎండుమిరప కుప్పలు. అనంతపురం అంటే దేశానికి గుర్తొచ్చేది వేరుశనగ. ఈ నేల గుర్తులనుకునే రెండూ సముద్రం దాటి వచ్చినవే. పోనీ రాగి సంగటి మనదేననుకుందామా? రాగి కూడా వేల ఏళ్ల కింద ఆఫ్రికా ఎత్తైన నేలల నుంచి వచ్చిన పంట. "ఇక్కడి తిండి" అని గీత గీద్దామని ఎక్కడ సున్నం ముగ్గు వేసినా, ఆ గీత కింద ఏదో ఓడ కనిపిస్తోంది.

*

పిజ్జా చరిత్రలో అందరికీ తెలిసిన కథ 1889ది. రాణి మార్గెరీటా నేపుల్స్ వస్తే రఫాయెలె ఎస్పొజితో అనే వంటవాడు ఇటలీ జెండా రంగుల్లో పిజ్జా చేసిపెట్టాడని, దానికి ఆమె పేరు వచ్చిందని. చరిత్రకారులు చాలామంది దీన్ని నమ్మరు. నాకు ఆసక్తి కలిగించింది కథ నిజమా కాదా అన్నది కాదు. పిజ్జాకు ఒక రాణి ఎందుకు అవసరమైంది అన్నది. అంతవరకు అది నేపుల్స్ కూలీలు వీధిలో నిలబడి తినే రొట్టె. పైసలున్న ప్రయాణికులు దాన్ని చూసి ముక్కు మూసుకున్నవాళ్లే. 

దాన్ని ప్రపంచమంతా తిప్పింది రాణులు కాదు. 1880కీ 1920కీ మధ్య దాదాపు 40 లక్షల మంది ఇటలీవాళ్లు అమెరికా వెళ్లారు. ఎక్కువమంది దక్షిణ ఇటలీ పేదలు. పంటలు లేక, పన్నులు కట్టలేక, అప్పులు తీరక పోయినవాళ్లు. వాళ్ల పేటల్లో పిజ్జా పొయ్యిలు వెలిగాయి. న్యూయార్క్‌లో మొదటిదని చెప్పుకునే లొంబార్డీ దుకాణం 1905 నాటిది. వాళ్లను మొదట చూసి నవ్విన ఊరే తరవాత ఆ రొట్టెను తనదనుకుంది. 

ఈ కథ అనంతపురం మనిషికి విడమరచి చెప్పక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. చెనిక్కాయ పంట పోయిన ప్రతి ఏడూ బెంగళూరు రైలు నిండుతుంది. ఇళ్లు కట్టే పనికి, సెక్యూరిటీ పనికి, హోటళ్ల పనికి.

*

కోట దిగి హైవే మీదకొస్తే పెనుకొండ దగ్గర కొరియన్ అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. 2017 ఏప్రిల్లో కియా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 536 ఎకరాల్లో, ఏటా మూడు లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. ఇంజనీర్లతో పాటు వాళ్ల తిండీ వచ్చింది. మా కంపెనీలో ఒక కొరియన్ మేనేజర్ ఒకరోజు మమ్మల్ని భోజనానికి తీసుకుపోయాడు. ఎర్రగా మెరుస్తున్న కిమ్చీ చూసి నా పక్కనున్న ధర్మవరం కుర్రాడు "ఇది మన ఆవకాయకు అన్నయ్య లాగుండాదే" అన్నాడు.

ఆ అన్నయ్యది కూడా పాత చుట్టరికమే. కొరియాకు మిరప చేరింది పదహారో శతాబ్దం చివర్లోనని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు. అంటే పెనుకొండ రాజధానిగా ఉన్న రోజులకు అటూ ఇటూగా. అమెరికాలో పుట్టి, పోర్చుగీసు ఓడలు ఆసియా తీరాలకు చేర్చిన ఒకే కాయ ఇటు మన ఊరగాయలోకీ అటు కిమ్చీలోకీ దూరింది. నాలుగు వందల ఏళ్ల తరవాత ఆ రెండూ పెనుకొండ దగ్గర ఒకే బల్ల మీద కలిశాయి. మేనేజర్‌కు ఇదంతా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన మర్యాదగా విని, వాళ్ల అమ్మ చేసే కిమ్చీ ఇలా ఉండదన్నాడు. ఆయన మొహం చూస్తే నా యాప్ స్క్రీన్ గుర్తొచ్చింది.

*

చివరికి మంచి పిజ్జా పుట్టపర్తిలో దొరికింది. విదేశాలవాళ్లు తిరిగే ఊరు కాబట్టి అక్కడ ఉంటుందని ఆఫీసులో ఎవరో చెప్పారు. 1950లో ప్రశాంతి నిలయం కట్టాక, ముఖ్యంగా అరవైల చివరి నుంచి, ఇటలీ, జర్మనీ, అర్జెంటీనా లాంటి దేశాల భక్తులు ఆ ఊరికి వస్తూ పోతూ ఉన్నారు. ఆశ్రమంలో వాళ్ల కోసం వెస్టర్న్ క్యాంటీన్ ఉంది. 1991లో ప్రారంభమైన అక్కడి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి పెద్ద విరాళం ఇచ్చింది ఐజక్ టిగ్రెట్, లండన్‌లో హార్డ్ రాక్ కెఫే పెట్టిన ఇద్దరిలో ఒకడు. బర్గర్లు అమ్మిన డబ్బు అనంతపురం జిల్లాలో గుండె ఆపరేషన్లకు పనికొచ్చింది. తిండి ఎక్కడెక్కడికి పోతుందో చెప్పలేం.

నేను వెళ్లింది ఒక సందులో, మేడ మీద ఉన్న చిన్న హోటల్. నాలుగు భాషల్లో మెనూ, రంగు వెలిసింది. పల్చటి రొట్టె, అంచులు అక్కడక్కడ మాడి, టమాటా పులుపు తగిలేలా. రెండు ముక్కలు తిన్నాక వంటాయనతో మాట్లాడాలనిపించింది. యాభై దాటిన మనిషి, బుక్కపట్నం వైపు పల్లె. ఇటలీ నుంచి ఏటా వచ్చే ఒకావిడ వంటింట్లో నిలబడి పిండి కలపడం నేర్పిందట. "నా చేతి మింద కొట్టేది సార్, గట్టిగా పిసకద్దని" అని నవ్వాడు. 2011లో బాబా పోయాక విదేశాలవాళ్లు తగ్గారు. ఆమె కూడా రావడం మానేసింది. 

"మరి ఇప్పుడు ఎవరు తింటున్నారు?"

"మన పిల్లోళ్లే. కాలేజీ పిల్లోళ్లు. కొంచెం కారం ఎక్కువేస్తా."

ఎవరి కోసం నేర్చుకున్నాడో వాళ్లు పోయారు. వంట ఇక్కడే ఉండిపోయింది. రాజు చంద్రగిరికి పోయినా పెనుకొండ ఉండిపోయినట్టు. బేకరీ ఆయన అన్న "మా పిజ్జా" అనే మాట నాకు అక్కడ అర్థమైంది. ఒక తిండి ఎక్కడ పుట్టిందన్నది ఒక లెక్క. తెచ్చినవాళ్లు వెళ్లిపోయాక కూడా దాన్ని ఎవరు వండుకుంటున్నారన్నది ఇంకో లెక్క.

*

ఇంకోటి కట్టించుకుని సోమందేపల్లి వచ్చేసరికి చీకటి పడింది. పెద్దమ్మకు ఒక ముక్క ఇచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, కొరికి, కాసేపు నమిలింది.

"కారమే లేదే" అంది. లోపలికి పోయి గిన్నెలో చెనక్కాయల ఊరుబిండి తెచ్చి దాని మీద పూసుకుంది. నాకూ పూసింది. నిజం చెప్పాలంటే బాగుంది. ఉల్లిపాయ వేసి తట్టిన రాగిరొట్టె మీద ఆమె రోజూ పూసుకునేది అదే.

"మావాడు దినానికి నూరో నూటయాభయ్యో చేస్తాడంట ఇవి" అంది.

అప్పుడు తెలిసింది. కొడుకు బెంగళూరులో ఒక పిజ్జా హోటల్లో ఓవెన్ దగ్గర పని చేస్తాడు. ఆరేళ్లయింది పోయి. రెండెకరాల చెనిక్కాయ వరసగా పోయిన ఏడాది పోయాడు. మొదటి రోజు ఆమె నాకు చెప్పింది అదే. నేను వినలేదు.

"ఎప్పుడూ తినలేదా పెద్దమ్మా, వాడు చేసింది?"

"యాడ తింటా? వాడు ఉగాదికొస్తే సంగటి కావల్లంటాడు. ఈ పొయ్యి మింద అది కాదంట." ఇంకో ముక్క చేతిలోకి తీసుకుంది. "వాడు చేసేది గూడా ఇట్లనే ఉంటాదా నాయనా?"

"ఇంతకన్నా బాగుంటుంది" అన్నాను. 

నేను తినలేదు. వచ్చే నెల బెంగళూరు పోయినప్పుడు ఆ హోటల్ ఎక్కడో కనుక్కోవాలి.